కత్తెరాయన మీద ఫిర్యాదు

ఆ కొట్టు మేనేజరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. గుర్తింపు కార్డు మీద తప్ప దానికి పనిలేదు. అందరూ ఆయన్ను సర్దుబాటు గారనే పిలుస్తారు. కప్పు చెవి విరిగిందని ఒకరు వచ్చినా, పెన్ను జేబులో సిరా కక్కిందని ఇంకొకరు వచ్చినా, ఏమీ కాకపోయినా ఊరికే కోపంతో మరొకరు వచ్చినా ఆయన నోట మొదట వచ్చేది ఒకటే మాట: "సర్దుకుందామండీ." పాము చావకూడదు, కర్ర విరగకూడదు, వీలైతే పాము కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా వెయ్యాలి. అదీ ఆయన పద్ధతి.

కొట్టు చిన్నదేమీ కాదు. ఒక పక్క కాగితాలు, పెన్నులు. ఇంకో పక్క బహుమతి సామాను. గాజు తలుపు తోసుకుని లోపలికి రాగానే ఒక బల్ల, దాని మీద ఫిర్యాదుల పుస్తకం. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో పేజీ, పేజీ అడుగున ముద్రకు చోటు. సర్దుబాటు గారి సొరుగులో మూడు రబ్బరు ముద్రలున్నాయి. ఒకదాని మీద "మార్చాం", ఇంకోదాని మీద "సరిచేశాం", మూడోదాని మీద "తీసివేశాం". పొద్దున రాసిన ఫిర్యాదుకు సాయంత్రం కొట్టు మూసేలోగా ఈ మూడింటిలో ఏదో ఒకటి పడి తీరాలి. పదకొండేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా మర్నాటికి మిగల్లేదని ఆయనకు మహా గొప్ప. నాలుగు వాక్యాలు చదివేసరికి ఏ ముద్ర తియ్యాలో ఆయన చేతికి తెలిసిపోయేది. అయిదో వాక్యంతో ఆయనకు ఏనాడూ పని పడలేదు.

ఆయనకు ఒక అక్క. తొమ్మిదేళ్లు పెద్దది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆయనకు తల దువ్వింది, ఎక్కాలు చెప్పింది, రాకపోతే వీపు మీద రెండు అంటించింది కూడా ఆవిడే. కాగితం గుజ్జుతో బొమ్మలు చెయ్యడం ఆవిడ పని. ఇంటి వెనక గదిలో నానబెట్టిన పాత పేపర్ల తొట్టి, జిగురు గిన్నె, సన్నటి కుంచెలు, కిటికీ గట్టు మీద వరసగా ఆరుతున్న తలకాయలు. తలకాయను మొండేనికి ఆవిడ అతికించదు. మధ్యలో చిన్న స్ప్రింగు పెడుతుంది. ఆ స్ప్రింగులు ఎక్కడివనుకున్నారు? తమ్ముడి కొట్లో పాడైపోయిన బాల్‌పెన్నులవి. వారమంతా పాత పెన్నులు విప్పి, స్ప్రింగులు అగ్గిపెట్టెలో దాచి, ఆదివారం భోజనానికి వెళ్లేటప్పుడు సర్దుబాటు గారు అక్కకు పట్టుకెళ్లేవారు. చిన్నప్పుడు గోళీలు దాచుకొచ్చి చూపించినట్టే చూపించేవారు.

ఆ ఏడాది అక్క చేసిన బొమ్మ పేరు కత్తెరాయన. జానెడు మనిషి. తెల్లచొక్కా, బొజ్జ, బుగ్గల నిండా నవ్వు, కుడిచేతిలో కత్తెర, ఎడమచేతిలో రిబ్బను. చిటికెన వేలితో తాకితే చాలు, అవునవునని తల ఊపుతూనే ఉంటాడు. వాడు ఫలానా అని ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పనీ లేదు. ఆ ఊళ్లో నది మీద వంతెన ఒకటి ఆరేళ్లుగా కడుతున్నారు. దానికి ప్రారంభోత్సవం మాత్రం మూడుసార్లయింది. మొదట సగం వంతెనకు, తరవాత ఆ సగం వంతెన పిట్టగోడకు, ఆ తరవాత పిట్టగోడ మీది దీపాలకు. ఎవరేమడిగినా "అయిపోతుంది, అయిపోతుంది" అని తల ఊపడం మేయరు గారికి అలవాటు. అంతకన్నా నేనేమీ చెప్పను. నోరా, వీపుకు తేకే అన్నారు పెద్దలు.

మొదటి బొమ్మను చూసిన రోజున సర్దుబాటు గారు కడుపు పట్టుకుని నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, రిబ్బను ఒకటేం చాలుతుందే! మూడు పెట్టు" అన్నది కూడా ఆయనే. అక్క మూడు పెట్టింది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, ఆయన మరిచిపోతారు.

కత్తెరాయన్ని తలుపు పక్క అరలోనే పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వేలితో తాకి, "వంతెన ఎప్పుడండీ?" అని అడిగి, అది తల ఊపితే నవ్వుకుని, ఒకటి పొట్లం కట్టించుకుపోయేవారు. ఇలా నెలన్నర హాయిగా గడిచింది.

ఒక సోమవారం పొద్దున సర్దుబాటు గారు ఫిర్యాదుల పుస్తకం తెరిచారు. కొట్టు తెరవగానే ఎవరో వచ్చి గుండ్రటి దస్తూరీతో పేజీ నిండా రాసి పెట్టి వెళ్లారు.

"అయ్యా, మీ కొట్టు ముఖద్వారం పక్కన అమ్ముతున్న మేయరు గారి బొమ్మ గురించి తీవ్రమైన అసంతృప్తితో రాస్తున్నాను. ఊరందరికీ తెలిసిన పెద్దమనిషిని బొమ్మగా చేసి అమ్మేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలి? మీవంటి పేరున్న కొట్టుకు ఇది తగునా? దీనివల్ల మా ఇంట్లో పెద్దావిడ మనసు ఎంత నొచ్చుకుందో మీకు తెలియదు."

నాలుగు వాక్యాలు. "మేయరు గారి" అన్న మాట దగ్గరే ఆయన చెయ్యి సొరుగు తెరిచింది. కొట్టు ముందు బోర్డు పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చేదెవరు? మేయరు ఆఫీసు. చెత్తబండి పంపేదెవరు? వాళ్లే. రేపు మెట్లు రోడ్డు మీదికి వచ్చాయని కొలతల టేపు పట్టుకుని దిగేదెవరు? వాళ్లే. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు పట్టిన సమయం ముద్ర సిరాలో అద్దేంత. పేజీ అడుగున కుడిపక్క మూల టప్పున పడింది: తీసివేశాం.

ఆ మూల ఏదో రెండు చిన్న మాటలు ఉన్నట్టున్నాయి, ముద్ర కింద పోయాయి. ఆయన చూడలేదు.

ఇరవై మూడు మంది కత్తెరాయనలను అట్టపెట్టెలో నిలబెట్టి ఆయనే స్వయంగా మోసుకుని గోడౌన్లోకి బయల్దేరారు. నడకకు పెట్టె కదులుతుంటే ఇరవై మూడు తలలూ అవునవునని ఊగుతున్నాయి. దారిలో పిన్ని ఎదురైంది. పిన్ని అంటే బహుమతులకు రంగుకాగితం చుట్టే ఆవిడ. ఆవిడ కన్నా పెద్దవాళ్లు కూడా ఆవిణ్ణి పిన్ని అనే అంటారు. అందరినీ మందలించే హక్కు ఆవిడకు అలా వచ్చింది.

"ఏంటి సారూ, అందర్నీ కట్టగట్టి ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

"లోపలికి. ఫిర్యాదు వచ్చింది పిన్నీ."

"ఎవరిచ్చారు? మేయరు గారా?"

"ఛ ఛ, ఆయనెందుకిస్తారు? ఎవరో పుస్తకంలో రాశారు."

"ఆయన మనుషులొచ్చి అడిగారా?"

"లేదు."

"ఫోనైనా చేశారా?"

"లేదన్నానుగా!"

"మరి వీడు మేయరు గారని మీకెవరు చెప్పారు?" అని పిన్ని పెట్టెలో ఒకడి తల తట్టింది. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. మీరు ఇంకా నయం, పక్కవాడి భుజాలు తడుముతున్నారు."

"మెల్లగా పిన్నీ, గోడలకు చెవులుంటాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"కడగడానికి నీళ్లేవీ? కుళాయికి రెండు రోజులకోసారి కదా వదులుతున్నారు" అని పిన్ని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆయన అక్కకు ఫోన్ చేశారు. "అక్కా, నీ బొమ్మల్ని కొన్నాళ్లు లోపల పెట్టానే. ఎవరో బాధపడ్డారు. గొడవ చల్లారాక సర్దుకుందాం" అన్నారు.

అక్క నెమ్మదిగా, "నేనా బొమ్మ మీద ఎవరి పేరూ రాయలేదురా. నువ్వు తీసేసి రాశావు" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ఆయన ఎప్పటిలాగే అగ్గిపెట్టెతో అక్క ఇంటికి వెళ్లారు. తలుపు బావగారు తీశారు. ఆ తియ్యడంలోనే తెలిసిపోయింది, ఇంట్లో వాతావరణం బాగాలేదని. కంచం పెట్టారు, అన్నం పెట్టారు, కూర వేశారు, ఏ లోటూ లేదు. అక్క మాట్లాడదు. ఎదురుగా కూర్చుని భర్తతో అంటుంది: "ఏమండీ, మీ బావమరిదికి ఇంకాస్త కూర కావాలేమో అడగండి."

"కూర కావాలా అని అడుగుతోందయ్యా మీ అక్క" అన్నారు బావగారు.

"చాలన్నానని చెప్పండి బావా."

"చాలట."

"చాలంటే సరేనండీ. ఉప్పు ఎక్కువైందని ఫిర్యాదేమైనా ఉంటే రాసివ్వమనండి, కూర తీసేస్తాను."

బావగారు ఈ మాటను అటునుంచి ఇటు మొయ్యలేక నీళ్ల గ్లాసు ఎత్తి తాగేశారు. సర్దుబాటు గారు అగ్గిపెట్టె బల్ల మీద పెట్టారు. అక్క దాన్ని ఒక్క వేలితో ఆయన వైపే తోసింది. "స్ప్రింగులతో నాకిక పనిలేదని చెప్పండి. తల ఊపే బొమ్మలు చెయ్యడం మానేశాను. ఊపే తలలు కొట్లోనే ఉన్నాయిగా."

ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన తనకు తనే సర్దిచెప్పుకున్నారు. అక్కకు ముక్కు మీదే కోపం, ఆ మాట నిజమే. కొట్టింది, తిట్టింది, ఒకసారి చెప్పు కూడా విసిరింది. మాట్లాడకుండా మాత్రం ఆవిడ ఏనాడూ లేదు. యాభై ఏళ్లు దాటిన మనిషికి అక్క మాట్లాడకపోతే ఏడుపు వస్తుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఇటు కొట్లో ఇంకో తలనొప్పి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, బొమ్మను తీసేశారన్న సంగతి బొమ్మకన్నా వేగంగా ఊరంతా తిరిగింది. అంతవరకూ దాన్ని చూసి నవ్వినవాళ్లు ఇప్పుడు తలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, "మేయరు గారి బొమ్మ ఉందాండీ, లోపల?" అని గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. కత్తెరాయన అనేవాడే లేడు, అందరూ మేయరు గారి బొమ్మే అంటున్నారు. తీసేస్తారని తెలిశాక మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. పళ్లులేని తాత బొమ్మ ఉన్న కప్పు తమ వృత్తికి చెడ్డపేరని ఒక దంతవైద్యుడు రాశాడు. టప్పు. కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ తమను ఎగతాళి చేస్తోందని గ్రంథాలయం ఆవిడ రాసింది. టప్పు. అత్తాకోడళ్ల ఉప్పు సీసాల జత మీద అత్తగారొకరు, కోడలొకరు విడివిడిగా రాశారు. టప్పు, టప్పు. రెండు వారాలయ్యేసరికి అరలో మిగిలినవి తెల్ల కప్పులు. పిన్ని వాటిని తుడుస్తూ, "వీటి మీదా ఏదో ఉండే ఉంటుంది సారూ, కనపడటం లేదంతే" అంది.

ఆ సోమవారం ఒక ముసలాయన సంచి పట్టుకుని వచ్చాడు. పదవీవిరమణ చేసిన డ్రాయింగు మాస్టారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్సిళ్లు. "నేను ఫిర్యాదు రాసి రెండు వారాలైంది. మీ కొట్లో ఫిర్యాదు ఆ రోజుకా రోజే తేలుస్తారని విన్నాను. నాకింకా జవాబు రాలేదేం?" అని అడిగాడు.

సర్దుబాటు గారు పుస్తకం తెరిచి, దస్తూరీ గుర్తుపట్టి, లేచి నిలబడ్డారు. "మీరేనా అండీ! తేల్చేశామండీ. ఆ రోజే తీసేశాం. ఒక్కటి కూడా ఉంచలేదు. మీ ఇంట్లో పెద్దావిడకు మా తరఫున క్షమాపణ చెప్పండి."

మాస్టారు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "తీసేశారా? ఎందుకు?"

"మీరే కదండీ రాశారు, బాధపడ్డామని!"

"వెనక చదివారా?"

"వెనకేముంది?"

మాస్టారు ముందుకు వంగి, పేజీ అడుగున ఎర్రటి ముద్ర మీద వేలు పెట్టాడు. "ఇక్కడ 'వెనక చూడుడు' అని రాశాను. దాని మీద గుద్దేశారా?" అని పేజీ తిప్పాడు. కాగితం వృథా చెయ్యడం ఆయనకు నచ్చదు, నలభై ఏళ్ల మాస్టరీ. వెనక వైపు కూడా నిండుగా రాసి ఉంది. పదకొండేళ్ల ఉద్యోగంలో సర్దుబాటు గారు ఒక ఫిర్యాదు వెనక పేజీ చదవడం అదే మొదలు.

"...ఎందుకంటే పన్నెండో రోజున బొమ్మ తల ఊగడం మానేసింది. మా ఆవిడ ఆరు నెలలుగా మంచంలో ఉంది. రోజూ పొద్దున్నే ఆ బొమ్మను దగ్గర పెట్టుకుని నీళ్లెప్పుడొస్తాయి, రోడ్డెప్పుడు వేస్తారు అని నిలదీస్తుంది. అది తల ఊపితే నవ్వుతుంది. ఆరు నెలల్లో ఆమె నవ్వింది ఆ పన్నెండు రోజులే. తల ఆగిపోయాక 'ఇప్పుడు అచ్చం ఆఫీసులో కూర్చున్నట్టే ఉన్నాడు' అని ఒకసారి నవ్వింది కానీ, మర్నాటి నుంచి లేదు. దయచేసి బాగుచేయించి ఇవ్వగలరు. వేరుగా ఇంకో రెండు బొమ్మలు ఉంచగలరు, మా తోడల్లుళ్లకు."

సర్దుబాటు గారు రెండుసార్లు చదివారు. ఎవరూ తీసెయ్యమనలేదు. మేయరు అనలేదు, మేయరు మనుషులు అనలేదు, ఈ మాస్టారూ అనలేదు. ఊరు మొత్తం మీద ఆ బొమ్మను తీసెయ్యాలనుకున్న మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ మూడు రిబ్బన్లు పెట్టమన్నవాడే. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆయనకు.

మాస్టారు సంచిలోంచి కత్తెరాయన్ని తీసి బల్ల మీద పెట్టాడు. తల పక్కకు వాలి ఉంది.

కొట్టు పిన్నికి అప్పగించి, ఆ బొమ్మను రుమాల్లో చుట్టుకుని ఆయన నేరుగా అక్క ఇంటికి వెళ్లారు. అక్క వెనక గదిలో ఏదో బొమ్మకు రంగు వేస్తోంది. ఈయన్ను చూడగానే దాని మీద గుడ్డ కప్పేసి, "ఏమండీ, ఎవరో వచ్చారు" అని కేకేసింది.

ఆయన రుమాలు విప్పి బొమ్మను ఆవిడ ముందు పెట్టారు. "ఫిర్యాదు ఇదేనటే అక్కా. బొమ్మను చేసినందుకు కాదు. తల ఊగడం ఆగిపోయిందని" అన్నారు.

అక్క బొమ్మను చూసింది. తమ్ముణ్ణి చూసింది. రెండు వారాల మౌనం అక్కడితో సరి.

"ఏంటీ? నా బొమ్మ తల ఆగిపోయిందా?"

చూడాలి ఆ ముఖం! బొమ్మను తీసేశారని ఆవిడ బాధపడిన మాట నిజమే కానీ, అందులో కాస్త గొప్ప కూడా ఉంది. నిజం చెప్పినందుకు నిషేధించారు అని నలుగురితో చెప్పుకుంది. ఇప్పుడేమో పనితనం మీద మాట వచ్చింది. అది మటుకు ఆవిడ సహించదు. "పాతికేళ్లుగా చేస్తున్నాను, నా బొమ్మ తల ఎప్పుడూ ఆగలేదు" అంటూ పట్టుకారు తీసి మెడలోంచి స్ప్రింగు బయటికి లాగింది. అది సాగిపోయి, తుప్పు పట్టి ఉంది.

"ఇదెక్కడి స్ప్రింగురా?"

"అది... పోయిన నెల ఆ చౌక పెన్నులు వచ్చాయి కదే, వాటిలోవి."

"అంటే నువ్విచ్చిన స్ప్రింగు పాడై, నువ్వు ఫిర్యాదు సగం చదివి, నువ్వే నా బొమ్మను తీసేశావు."

"అవునే."

"మూడు రిబ్బన్లు పెట్టమన్నదెవరు?"

"నేనే."

గుమ్మంలో నిలబడిన బావగారు, తన మధ్యవర్తి ఉద్యోగం పోయినందుకు సంతోషించి, టీ పెట్టడానికి వెళ్లిపోయారు. అక్క కొత్త స్ప్రింగు వేసి, కత్తెరాయన తల తట్టింది. వాడు అవునవునన్నాడు. సర్దుబాటు గారు ఊపిరి పీల్చుకుని, "రేపే అన్నీ అరలో పెట్టేస్తానే. సర్దుకుందాం" అన్నారు.

"ఆగు. ఇంకొకటుంది" అని అక్క గుడ్డ తీసింది.

దాని కింద ఇంకో జానెడు మనిషి. చంకలో పుస్తకం, చేతిలో రబ్బరు ముద్ర. కళ్లజోడు ముక్కు చివరకు జారింది. బట్టతల మీద ఎడమ నుంచి కుడికి దువ్విన ఏడు వెంట్రుకలు. అక్క వేలితో తాకింది. తల ఊగింది, దాంతోపాటు చెయ్యి కూడా కదిలి ముద్ర టపటపా పుస్తకం మీద పడింది.

"ఎవరది?" అన్నారు ఆయన, తెలిసి కూడా.

"ఎవరైతేనేం. పేరు రాయలేదుగా."

"అక్కా, ఇది బాగాలేదు. కొట్లో అందరూ నవ్వుతారు. నా జుట్టు మరీ అంత అన్యాయంగా లేదు."

"మేయరు గారిని చూసి కడుపు పట్టుకుని నవ్వావే. అప్పుడు ఆయన జుట్టు సంగతి అడిగావా?" అక్క గొంతు తగ్గింది. "ఊరి పెద్దను చూసి నవ్వడానికి ధైర్యం అక్కర్లేదురా, గదిలో తలుపేసుకుని ఎవరైనా నవ్వుతారు. నన్ను చూసి నవ్వుతారన్నా ఉంచగలవా? ఉంచితే రెండూ పట్టుకెళ్లు. లేదంటే రెండూ ఇక్కడే వదిలెయ్."

ఆయన మొహం కందగడ్డ అయింది. టీ తాగకుండానే లేచారు. గుమ్మం దాకా వెళ్లారు. అక్కడ కాసేపు నిలబడ్డారు. తరవాత వెనక్కి వచ్చి, రెండు బొమ్మలనూ రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయారు.

బాగుచేసిన కత్తెరాయన్నీ, ఇంకో ఇద్దర్నీ మాస్టారు ఆ సాయంత్రమే పట్టుకుపోయాడు. మర్నాడు పొద్దున తలుపు పక్క అర నిండింది. తాత కప్పు, గుడ్లగూబ, అత్తాకోడళ్లు, కత్తెరాయనలు, వాళ్ల మధ్యలో ముద్రాయన. పిన్ని వచ్చి, ముద్రాయన తలను ఒకసారి తాకి, అది టపటపా కొట్టడం చూసి, కాగితం చుట్టల మీద వాలిపోయి నవ్వింది. వచ్చినవాళ్లందరూ బొమ్మను చూడటం, ఆయన్ను చూడటం. మధ్యాహ్నానికి ఆయనకు పట్టలేకపోయింది. పెన్ను తీసి, ఫిర్యాదుల పుస్తకంలో తనే రాశారు:

"ఈ కొట్లో అమ్ముతున్న ముద్రాయన బొమ్మ నన్ను ఉద్దేశించి చేసినది. ముఖ్యంగా జుట్టు విషయంలో అన్యాయం జరిగింది. నా మనసు నొచ్చుకుంది. తీసివేయవలెను." కింద సంతకం, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో.

సాయంత్రం కొట్టు మూసే వేళకు ఆ ఫిర్యాదు ఒక్కటే మిగిలింది. చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్లి మూడో ముద్రను పట్టుకుంది. పట్టుకున్న చేతిని ఆయన చూసుకున్నారు. ఎదురుగా అరలో ముద్రాయన కూడా అలాగే పట్టుకుని ఉన్నాడు. అప్పుడు సర్దుబాటు గారికి నవ్వొచ్చింది. ఒక్కరే కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తరవాత తను రాసిందే మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఖాళీగా ఉంటుందని తెలిసినా వెనక పేజీ కూడా తిప్పి చూశారు. ఆయనకు కావలసిన మాటకు ముద్ర లేదు. చేత్తో రాశారు: "పూర్తిగా చదివాం. మనసు నొచ్చుకున్న మాట నిజమే. బొమ్మ అక్కడే ఉంటుంది."

మూడో రోజున అసలైనవాడు వచ్చాడు. చేతిలో రెండు ఫోన్లు, వెనక ఇద్దరు మనుషులు. "నేను మేయరు గారి మనిషిని" అని చెప్పి, కత్తెరాయన వైపు చూపించి, "దీన్ని ఒకసారి తీసేశారని విన్నాం. మంచి పని చేశారు. మళ్లీ పెట్టారని విన్నాం. అదేం పని?" అన్నాడు.

సర్దుబాటు గారికి భయం వేసింది. ఆ మాట దాచడం దేనికి. "ఫిర్యాదు పుస్తకం ఉందండీ. రాయండి. కూర్చోండి" అని కుర్చీ లాగారు.

"రాస్తే తీస్తారా?"

"రాస్తే చదువుతానండీ. వెనక పేజీ కూడా వాడుకోవచ్చు."

ఆ మనిషి పేజీలు తిప్పుతూ, ముద్రాయన మీది ఫిర్యాదు దగ్గర ఆగాడు. చదివాడు. అరలో ముద్రాయన్ని చూశాడు. ఎదురుగా ఉన్న బట్టతలను చూశాడు. మీసాల కింద నవ్వు ఒకటి వచ్చి పోయింది. "మీ మీద కూడానా!" అన్నాడు. తరవాత గంభీరంగా కూర్చుని, చాలాసేపు రాశాడు. వెనక పేజీ కూడా నింపాడు. లేచి, "మీ యజమానితో మాట్లాడతాను. బోర్డు అనుమతి ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి" అన్నాడు.

"యజమాని గారు వేరే ఊళ్లో ఉంటారండీ, నంబరు రాసిస్తాను" అని రాసిచ్చారు సర్దుబాటు గారు.

వాళ్లు వెళ్లాక ఫిర్యాదు చదివారు. ముందు పేజీలో గౌరవం, మర్యాద, పరువు, ప్రతిష్ఠ. వెనక పేజీ చివర్లో ఇలా ఉంది: "అంతేకాక, దీపాలను ప్రారంభించినది మేయరు గారు కాదు, వారి సతీమణి. కనుక రిబ్బన్లు మూడు చూపించడం వాస్తవ విరుద్ధం. రెండే ఉండవలెను." ఆయన దాన్ని మూడుసార్లు చదివారు. కింద చేత్తో రాశారు: "పూర్తిగా చదివాం. రిబ్బన్ల సంగతి తయారుచేసేవారికి తెలియజేస్తాం. బొమ్మ అక్కడే ఉంటుంది."

అప్పుడు అక్కకు ఫోన్ చేశారు.

"అక్కా, ఈసారి నిజంగానే వచ్చారే."

"చదివావా?"

"చదివాను."

"వెనక పేజీ?"

"అదీ చదివాను. రిబ్బన్లు రెండేనట. మూడోది వాళ్లావిడదట."

అక్క ఫోన్లో ఎంత గట్టిగా నవ్విందంటే పక్కన బల్ల దగ్గర పిన్నికి కూడా వినిపించింది. "అయితే ఆవిణ్ణి కూడా చెయ్యాలిరా, మూడో రిబ్బను ఆవిడ చేతికి ఇవ్వాలి!" అంది. నవ్వు ఆగాక గొంతు మార్చి, "భయంగా ఉందా?" అని అడిగింది.

"ఉందే."

"మరి బొమ్మలు?"

"అరలోనే ఉన్నాయి."

అక్క గొంతులో కోపం లేదని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"ఆదివారం భోజనానికి రా" అంది అక్క. "స్ప్రింగులు పట్టుకురా. మంచి పెన్నులవి."